హైస్కూల్ బేస్‌బాల్ కుర్రాడికి ఏది మేలు: నేరుగా ప్రో సంతకమా, కాలేజీయా, జూకోనా?

డ్రాఫ్ట్ అంటే మేజర్ లీగ్ క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే తంతు. ఒక్కో ఎంపిక ఒక పిక్, సంతకానికి ఇచ్చే సొమ్ము బోనస్. 2019 డ్రాఫ్ట్‌లో మొదటి రెండు పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటో పిక్ యాడ్లీ రచ్‌మన్, ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ క్యాచర్, బోనస్ 81 లక్షల డాలర్లు. రెండో పిక్ బాబీ విట్ జూనియర్, టెక్సస్‌లోని కాలీవిల్ హెరిటేజ్ హైస్కూల్ షార్ట్‌స్టాప్, బోనస్ దాదాపు 78 లక్షలు. ఇద్దరూ 2022లోనే మేజర్ లీగ్‌లో అడుగుపెట్టారు. అప్పటికి విట్‌కి 21 ఏళ్లు, రచ్‌మన్‌కి 24. ఆ వయసు తేడాయే తర్వాత డబ్బుగా మారింది. విట్ 2024 ఫిబ్రవరిలో కాన్సాస్ సిటీతో 11 ఏళ్లకు 28.87 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకున్నాడు. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండి స్వేచ్ఛగా బేరమాడుకునే నాటికి రచ్‌మన్ ముప్పయ్యో ఏటికి చేరువవుతాడు. గొంతుక్కూర్చుని ఆడే క్యాచర్ మోకాళ్లకు అది పెద్ద వయసే.

ఇంతవరకే చూస్తే హైస్కూల్ నుంచే వెళ్లిపోవడం మేలనిపిస్తుంది. కానీ ఇదే రచ్‌మన్‌ని 2016లో, హైస్కూల్ అయిపోగానే, సియాటిల్ 40వ రౌండ్‌లో తీసుకుంది. అప్పట్లో అదే ఆఖరి రౌండ్. ఆ రోజు సంతకం పెట్టి ఉంటే మేజర్ లీగ్ కింది మెట్లైన మైనర్ లీగ్ గుంపులో మరో క్యాచర్‌గా ఉండేవాడు. మూడేళ్ల కాలేజీ అతన్ని ఆఖరి రౌండ్ నుంచి ఒకటో పిక్‌కి తెచ్చింది. కాబట్టి ఏ దారి మంచిదో గాల్లో తేల్చలేం. ఆ పిల్లాడి మీద క్లబ్బు ఎంత పెడుతోందో చూశాకే తేలుతుంది.

ముందు నియమాలు. డ్రాఫ్ట్ జులైలో జరుగుతుంది, 2021 నుంచి 20 రౌండ్లే. హైస్కూల్ పూర్తి చేసి ఇంకా కాలేజీలో చేరనివాళ్లని తీసుకోవచ్చు. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మూడో ఏడాది ముగిసేదాకా, లేదా 21 ఏళ్లు వచ్చేదాకా మళ్లీ పిలుపు రాదు. ఇక్కడ పుట్టినరోజు లెక్క ఉంది. డ్రాఫ్ట్ అయిన 45 రోజుల్లోపు 21 నిండితే రెండో ఏడాది తర్వాతే అర్హత వస్తుంది, కాబట్టి తరగతిలో పెద్దవాడికి ఏడాది కలిసొస్తుంది. రెండేళ్ల కాలేజీ, అంటే అందరూ జూకో అనే జూనియర్ కాలేజీలో చేరితే ఏటా అర్హతే. ప్రో ఒప్పందం మీద ఒకసారి సంతకం పడితే మాత్రం కాలేజీ బేస్‌బాల్ తలుపు మూసుకున్నట్టే.

రౌండ్ కాదు, డాలర్ చూడాలి

లోకల్ పేపర్లో "మన కుర్రాడు ఫలానా రౌండ్‌లో ఎంపిక" అని వస్తుంది, అభిమానులంతా రౌండ్ గురించే మాట్లాడుకుంటారు. అసలు సంగతి బోనస్‌లో ఉంటుంది. మొదటి పది రౌండ్లలో ప్రతి పిక్‌కీ ఒక ధర కట్టి ఉంటుంది. అవన్నీ కలిపితే ఆ క్లబ్బు పద్దు. ఒకడి దగ్గర మిగిల్చి ఇంకొకడికి ఎక్కువ ఇవ్వచ్చు. పద్దు దాటితే దాటినంత మీద 75 శాతం పన్ను కట్టాలి. 5 శాతం మించి దాటితే వచ్చే ఏడాది మొదటి రౌండ్ పిక్కే పోతుంది, అందుకే అంతదూరం ఎవరూ వెళ్లరు. 2025లో ఒకటో పిక్ ధర కోటీ పది లక్షల డాలర్ల పైమాట. వాషింగ్టన్ తీసుకున్న ఓక్లహోమా హైస్కూల్ షార్ట్‌స్టాప్ ఎలై విల్లిట్స్ 82 లక్షలకే సంతకం పెట్టాడు. అదే రాష్ట్రం నుంచి నాలుగో పిక్‌గా కొలరాడోకి వెళ్లిన ఈథన్ హాలిడేకి 90 లక్షలు దక్కాయి, హైస్కూల్ ఆటగాడికి అప్పటిదాకా అంత ఎవరూ ఇవ్వలేదు. పదో రౌండ్ దాటాక ఒకటిన్నర లక్షల డాలర్ల దాకా ఎంతిచ్చినా పద్దులోకి రాదు. ఆ పైన ఇచ్చిందే లెక్కలో పడుతుంది. కాబట్టి 11వ రౌండ్‌లో తీసుకున్న కుర్రాడికి నాలుగో రౌండ్ డబ్బు ఇచ్చారంటే పొరపాటు కాదు, కావాలని దాచిపెట్టిన డబ్బది.

ఈ డాలర్ల మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. బోనస్ అంటే బ్యాంకులో పడే సొమ్ము మాత్రమే కాదు, క్లబ్బు ఓపికకి అదే కొలత. ఇరవై లక్షలు అందుకున్నవాడి బ్యాటింగ్ సగటు మొదటి ఏడాది 0.190 అయినా రెండో ఏడాది మళ్లీ లైనప్‌లో ఉంటాడు, కోచ్ అతని స్వింగ్ సరిచేయడానికి కూర్చుంటాడు. లక్షన్నర అందుకున్నవాడు అదే 0.190 కొడితే అతని చోటు తర్వాతి డ్రాఫ్ట్ పిల్లాడికి వెళ్తుంది. 2021లో మైనర్ లీగ్‌ని 120 జట్లకు కుదించారు. 2024 నుంచి ఒక్కో సంస్థ అమెరికాలో ఉంచుకోగల మైనర్ లీగ్ ఆటగాళ్ల సంఖ్యని 180 నుంచి 165కి దించారు. చోటు తగ్గేకొద్దీ తక్కువ బోనస్‌వాడి మీద ఓపికా తగ్గుతుంది.

చేతికొచ్చేదెంత? 7 లక్షల బోనస్ తీసుకోండి. ఏజెంటుకు 5 శాతం అనుకుంటే 35 వేలు. బోనస్ సాధారణంగా రెండు వాయిదాల్లో, రెండు పన్ను సంవత్సరాల్లో పడుతుంది. ఫెడరల్ పన్ను, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పోగా మిగిలేది సుమారు 4.2 నుంచి 4.6 లక్షలు. టెక్సస్, ఫ్లోరిడాల్లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కాలిఫోర్నియా ఇంటి చిరునామా అయితే ఇంకా తగ్గుతుంది. ఆ మీదట జీతం: 2023 ఒప్పందం పెట్టిన కనీసం ప్రకారం అడుగు మెట్టైన కాంప్లెక్స్ స్థాయిలో ఏడాదికి 19,800 డాలర్లు, సింగిల్-ఎలో 26,200, డబుల్-ఎలో 30,250, ట్రిపుల్-ఎలో 35,800. బస క్లబ్బుదే. బతకచ్చు, మిగల్చలేం.

ఆట ఎక్కడ బాగా నేర్చుకుంటాడు?

ఇందులో ప్రో వైపు బలం స్పష్టం. కాలేజీ సీజన్ 56 మ్యాచ్‌లు, ఫిబ్రవరి మధ్యలో మొదలు. సింగిల్-ఎలో 132. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే జట్టుతో ఆరు మ్యాచ్‌లు, సోమవారం సెలవు. హైస్కూల్, కాలేజీల్లో బీబీకార్ (బ్యాటు జోరుకి హద్దు పెట్టే ప్రమాణం) ముద్ర ఉన్న లోహపు బ్యాటు నడుస్తుంది, ప్రోలో కర్రదే. లోహపు బ్యాటుతో చేతుల దగ్గర తగిలిన బంతి కూడా ఒక్కోసారి ఇన్‌ఫీల్డ్ దాటి పడుతుంది. కర్రతో అదే దెబ్బకు బ్యాటు విరిగి బంతి పిచ్చర్ కాళ్ల దగ్గరికి దొర్లుతుంది. లోపలికొచ్చే ఫాస్ట్‌బాల్‌ని ఆడలేని బలహీనత కాలేజీలో మూడేళ్లు దాగి ఉండగలదు, ప్రోలో మూడు వారాల్లో బయటపడుతుంది. బ్యాటర్‌కి అది త్వరగా తెలియడమే మంచిది.

అయితే ఒక చిక్కుంది. 2024 నుంచి కాంప్లెక్స్ లీగ్‌లు మే నెలలో మొదలై జులై చివరికి ముగుస్తున్నాయి. జులైలో సంతకం పెట్టిన పిల్లాడికి ఆ ఏడాది లెక్కలోకొచ్చే మ్యాచ్‌లు దాదాపు ఉండవు. అరిజోనాలోనో ఫ్లోరిడాలోనో శిబిరం, బరువులు, లోపలి మ్యాచ్‌లు, అంతే. నిజమైన మొదటి సీజన్ మరుసటి వసంతమే. ఇంటికి దూరంగా, చూసేవాళ్లు లేని మైదానంలో గడిచే ఆ ఎనిమిది తొమ్మిది నెలలు పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఆటకంటే కష్టం. తల్లిదండ్రులు దీన్ని ముందే మాట్లాడుకోవాలి.

కాలేజీ వైపు ఇప్పుడు పరిస్థితి మారింది. 2025-26కి ముందు, కాలేజీ ఆటలో పై శ్రేణి అయిన డివిజన్-1లో బేస్‌బాల్ జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే. వాటినే ముక్కలు చేసి పంచేవాళ్లు. ఇప్పుడు కాలేజీ క్రీడలపై కోర్టులో కుదిరిన కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీల్లో ఆ పరిమితి పోయి, జట్టుకి 34 మందే అన్న పరిమితి వచ్చింది. మంచి పిల్లాడికి పూర్తి చదువు ఖర్చు దొరికే అవకాశం పెరిగింది. కానీ 34 చోట్లలో కోచ్‌కి పద్దెనిమిదేళ్ల కొత్తవాడికంటే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) దొరికే 22 ఏళ్లవాడే నచ్చుతాడు. పెద్ద కాన్ఫరెన్స్ (కాలేజీల లీగ్) పేరు చూసి మురిసి వెళ్లి, మొదటి ఏడాది పాతిక ఇన్నింగ్స్ కూడా ఆడకపోతే డ్రాఫ్ట్ ధర పడిపోతుంది. కోచ్‌ని సూటిగా అడగండి: నా పొజిషన్‌లో వచ్చే ఏడాది ఎవరున్నారు? గత రెండేళ్లలో పోర్టల్ నుంచి ఆ చోటుకి ఎంతమందిని తెచ్చారు?

జూకోని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు. అది తప్పు. జూకోల క్రీడా సంస్థ ఎన్‌జేసీఏఏలో డివిజన్-1 జూకోకి 24 దాకా స్కాలర్‌షిప్‌లున్నాయి, మొదటి రోజు నుంచే ఆడిస్తారు, ఏటా డ్రాఫ్ట్ తలుపు తెరిచే ఉంటుంది. బ్రైస్ హార్పర్ హైస్కూల్ రెండేళ్లకే ముగించి కాలేజ్ ఆఫ్ సదరన్ నెవాడాలో చేరాడు. అప్పట్లో ఆ కాన్ఫరెన్స్‌లో కర్ర బ్యాటే వాడేవాళ్లు. మరుసటి డ్రాఫ్ట్‌లో, 2010లో, ఒకటో పిక్ అయ్యాడు. అందరూ హార్పర్‌లు కారు. కానీ ఆలస్యంగా ఎత్తు పెరిగి, ఆలస్యంగా వేగం వచ్చిన పిల్లాడికి మూడేళ్లు కట్టిపడేసే కాలేజీ కంటే జూకోయే మేలు. లోపం చదువు వైపుంది. కోచ్‌ని నమ్మి ఏవో తరగతులు తీసుకుంటే తర్వాత నాలుగేళ్ల కాలేజీకి ఆ క్రెడిట్లు బదిలీ కావు.

పిచ్చర్ లెక్క వేరు

పిచ్చర్ మోచేతి లిగమెంటు ఏ రోజు తెగుతుందో ఎవరూ చెప్పలేరు. తెగితే టామీ జాన్ శస్త్రచికిత్స, తిరిగి మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) ఎక్కడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. హైస్కూళ్లలో 2017 నుంచి రాష్ట్రానికో పిచ్ పరిమితి ఉంది. మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చే పిచ్ స్మార్ట్ సూచన ప్రకారం 17-18 ఏళ్లవాడికి రోజుకు 105 మించకూడదు, 81కి చేరితే నాలుగు రోజులు విశ్రాంతి. కాలేజీలో అలాంటి జాతీయ పరిమితి లేదు. జూన్ టోర్నమెంట్లలో శుక్రవారం వంద వేసినవాడిని సోమవారం మళ్లీ దింపే కోచ్‌లున్నారు. ప్రో క్లబ్బు తను డబ్బు పెట్టిన చేతిని అలా వాడదు. సంతకం వైపు ఇది గట్టి కారణం. అయితే వేగం కోసం ఒళ్లు బిగించి విసిరే అలవాటు ప్రోలోనూ చేతులు తెంపుతోంది, కాబట్టి క్లబ్బులో ఉన్నంత మాత్రాన భద్రమని కాదు.

వచ్చిన డబ్బు వదులుకుంటే ఏమవుతుందో బ్రేడీ ఏకెన్ ఉదంతం చూపిస్తుంది. 2014లో ఒకటో పిక్, శాన్‌డియాగో హైస్కూల్ ఎడమచేతి పిచ్చర్. వైద్య పరీక్షలో మోచేయి గురించి సందేహం వచ్చి హ్యూస్టన్ ధర తగ్గించింది, అతను సంతకం పెట్టలేదు. మరుసటి ఏడాది శస్త్రచికిత్స జరిగింది, 17వ పిక్‌గా పాతిక లక్షలకు వెళ్లాడు, మేజర్స్ చేరలేదు. ఎదురు ఉదాహరణ గెరిట్ కోల్. 2008లో యాంకీస్ మొదటి రౌండ్‌లో తీసుకున్నా కాదని యూసీఎల్ఏకి వెళ్లాడు. 2011లో ఒకటో పిక్, 80 లక్షలు. పాల్ స్కీన్స్‌నైతే హైస్కూల్‌లో ఎవరూ తీసుకోలేదు. ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో రెండేళ్లు, ఎల్ఎస్‌యూలో ఒక ఏడాది గడిపి, 2023లో ఒకటో పిక్‌గా 92 లక్షలు తీసుకున్నాడు.

ఈ రెంటికీ మధ్య కుమార్ రాకర్. తల్లి వైపు భారతీయ కుటుంబం, జార్జియా హైస్కూల్ పిచ్చర్. 2018లో 38వ రౌండ్ పిలుపు కాదని వాండర్‌బిల్ట్‌కి వెళ్లాడు, 2019 సూపర్ రీజనల్‌లో (కాలేజీ జాతీయ టోర్నమెంటులో ఒక దశ) డ్యూక్ మీద 19 స్ట్రైకౌట్లతో నో-హిట్టర్ వేశాడు, అంటే ఎదుటి జట్టుకి ఒక్క హిట్టూ ఇవ్వలేదు. 2021లో మెట్స్ పదో పిక్‌గా తీసుకుని, వైద్య పరీక్ష చూశాక ఒప్పందమే చేసుకోలేదు. మేజర్ లీగ్ క్లబ్బులతో సంబంధం లేని ఇండిపెండెంట్ లీగ్‌లో కొద్దిరోజులు ఆడి, 2022లో టెక్సస్ రేంజర్స్‌కి మూడో పిక్‌గా 52 లక్షలకు వెళ్లాడు. 2023లో టామీ జాన్, 2024 సెప్టెంబరులో మేజర్స్. డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ ఆట చూస్తున్నారంటే చూస్తున్నది రేంజర్స్ డబుల్-ఎ జట్టునే.

నా తీర్పు

ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, నా అంచనా. బ్యాటరైతే, కడుతున్న ధర 15 లక్షలు దాటితే సంతకం పెట్టాలి. వయసు అతనికి ఆస్తి. 5 లక్షల లోపైతే కాలేజీయే. మధ్యలో ఉంటే ఖర్చెంత భరిస్తున్నారన్నదాన్ని బట్టి తూచాలి. పూర్తి స్కాలర్‌షిప్ చేతిలో ఉంటే కాలేజీ, సగం కూడా లేకపోతే సంతకం. పిచ్చరైతే గీత కిందికి దించుతాను. పది లక్షలొస్తే తీసుకోవాలి, ఎందుకంటే మూడేళ్ల తర్వాత అదే చేయి ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. పెద్ద కాలేజీ పిలవక, ధర కూడా రాకపోతే జూకో. నాలుగో ఏడాది దాకా కాలేజీలో ఉండిపోవడం మాత్రం బేరానికి చేటు. తిరిగి వెళ్లే చోటు లేనివాడికి క్లబ్బులు కొన్ని వేల డాలర్లే చూపిస్తాయి.

ధర ఏప్రిల్లోనే ఇంట్లో తేల్చుకోండి, డ్రాఫ్ట్ రోజున కాదు. ఆ రోజు ఫోన్ వస్తే జవాబుకి రెండు మూడు నిమిషాలే. సలహాదారు ముందే ఒక అంకె చెప్పి ఉంటే క్లబ్బు దాని ప్రకారం పద్దు వేసుకుంటుంది. అంకె చెప్పకపోతే "వీడు సంతకం పెడతాడో లేదో" అని వదిలేస్తుంది. "నాలుగో రౌండ్‌లో 9 లక్షలకు తీసుకుంటాం" అన్న నోటిమాటకు విలువ లేదు. ముందు పిక్ ఎవరైనా ఎక్కువ అడిగితే ఆ డబ్బు అటే పోతుంది. అగ్రశ్రేణి 300 మందిలో ఉంటే డ్రాఫ్ట్‌కి ముందే వైద్య పరీక్షలు ఇవ్వండి. ఇచ్చినవాడికి పిక్ ధరలో కనీసం 75 శాతం చూపించాలన్న నియమం ఉంది. రాకర్‌కి జరిగింది మళ్లీ జరగకుండా అదే కాపాడుతుంది.

సంతకం వైపు మొగ్గితే ఒప్పందంలో కాలేజీ స్కాలర్‌షిప్ ప్లాన్ ఉందో లేదో మొదట చూడండి. సెమిస్టర్‌కి ఎంత, ఎన్ని సెమిస్టర్లు అన్నది అంకెల్లో ఉండాలి. ఇప్పటి ఫీజు కాదు, ఆరేడేళ్ల తర్వాతి ఫీజు ఊహించి అడగాలి. ఆట వదిలిన రెండేళ్లలోపు చదువు మొదలుపెట్టకపోతే ఆ హక్కు పోతుంది. సంతకం అయ్యాక చేర్చమంటే చేర్చరు.