రొంటిన దోపుకునే చాకు: ఒపినెల్ 8వ నంబరు, రెండేళ్ల వాడకం

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి మండలం. కొబ్బరి, జీడి, గట్ల వెంట పనస. చీర కట్టుకుని తోటలో తిరిగే మనిషికి జేబుండదు. డబ్బులైనా, తాళాలైనా, చాకైనా రొంటినే. అందుకని మడత చాకు ఎంచుకోవడంలో నేను చూసింది, జేబులున్నవాళ్లు చూసేది ఒకటి కాదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా ఉద్దానాన్ని ఊడ్చేసింది కదా, ఆ వారమంతా చేతికి సరైన చాకు లేక పడ్డ అవస్థ ఇంకా గుర్తుంది. టార్పాలిన్ తాళ్లు కోయాలన్నా, బియ్యం బస్తా కుట్టు విప్పాలన్నా వంటింటి చాకే. దాన్ని కాగితంలో చుట్టి నడుముకి పెట్టుకుని తిరిగాను. ఆ తర్వాత సంతలో 120 రూపాయలు పెట్టి ఒక మడత చాకు కొన్నాను. దానికి లాక్ లేదు, లోపలి స్ప్రింగు బిగువు మీదే అలుగు, అంటే కోసే రేకు, నిలబడాలి. నాలుగు నెలలకే ఆ స్ప్రింగు వదులైపోయింది. ఒకరోజు డ్రిప్ పైపుకి కన్నం పెడదామని మొనతో పొడిస్తే, అలుగు వెనక్కి మడుచుకుని చూపుడు వేలి మీద పడింది. మూడు కుట్లు. ఇంకోసారి మూసి దోపుకున్నదే, వంగి జీడిపిక్కలు ఏరుతుంటే సగం తెరుచుకుని కుచ్చిళ్లు కోసేసింది. ఇంకొంచెం లోపలికి దిగితే పొట్టే.

తెరిచిన చాకు దానంతటది మడుచుకోకూడదని చాకుల గురించి తెలిసినవాళ్లంతా చెప్తారు. మూసిన చాకు తెరుచుకోకూడదని మాత్రం నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. నా వరకు రెండోదే పెద్ద విషయం.

మా తమ్ముడి దగ్గర విక్టోరినాక్స్ ఉంది, మూసినప్పుడు 91 మిల్లీమీటర్ల పొడవుండే ఎర్ర పిడిది. మంచి పనితనం, ముఖ్యంగా కత్తెర. అయితే అదీ స్ప్రింగు మీద నిలిచేదే, లాక్ లేదు. లైనర్ లాక్ చాకులూ చూశాను. లోపలి రేకు పక్కకి జరిగి అలుగుకి అడ్డుపడుతుంది, తెరిచినప్పుడు గట్టిగానే నిలుస్తుంది. కానీ మూసినప్పుడు పట్టి ఉంచేది ఒక బుల్లి గుండు మాత్రమే. పైగా బొటనవేలితో తెరవడానికి పెట్టిన బుడిపె చీర మడతకి తగులుకుంటుంది. జేబుకి క్లిప్పుతో తగిలించుకునేవాళ్లకి అవి నప్పుతాయి, నాకు కాదు.

చివరికి తీసుకున్నది ఒపినెల్ 8. ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల వైపు సావోయ్ ప్రాంతపు చాకు ఇది. 1890లో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన అక్కడి రైతుల కోసం చేయడం మొదలుపెట్టాడు. బీచ్ చెక్క పిడి, ఒక అలుగు, మెడ దగ్గర తిప్పే ఉక్కు ఉంగరం, అంతే. ఆ ఉంగరం 1955లో వచ్చింది. మొదట్లో అది తెరిచిన అలుగునే బిగించేది. 2000 నుంచి మూసిన అలుగుని కూడా బిగించేలా మార్చారు. నేను డబ్బు పెట్టింది సరిగ్గా ఆ మార్పుకే. మూసి ఉంగరం తిప్పేస్తే ఎంత వంగినా, చెట్టెక్కినా తెరుచుకోదు. పిడి గుండ్రం, నడుముకి గుచ్చుకోదు. బరువు తెలియనే తెలియదు.

అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, అంటే బెత్తెడుకి కాస్త ఎక్కువ. ఇంతకన్నా పెద్దది రొంటిన నిలవదు, చిన్నదైతే గోనె సంచి కోసేటప్పుడు పట్టు దొరకదు. పల్చటి అలుగు కనుక మామిడికాయ ముక్కలు, పురికొస, ఎరువు బస్తా కుట్టు, పనసకాయలో తొనెంత ముదిరిందో చూడ్డానికి తీసే చిన్న ముక్క, అన్నీ ఇట్టే తెగుతాయి. బొండాం కొట్టడానికి, కొబ్బరి కమ్మ నరకడానికి కత్తి ఉంది. దీంతో ఆ పని చేయబోతే మొన విరుగుతుంది.

కొనేటప్పుడు అలుగు మీద రాసింది చదవండి. ఇనాక్స్ అని ఉంటే తుప్పు తట్టుకునేది, కార్బోన్ అని ఉంటే కార్బన్ ఉక్కు. మా మరిది కార్బన్‌ది తెప్పించాడు. పదును బ్రహ్మాండం, సానకి తొందరగా లొంగుతుంది. కానీ జీడిపండు కోసిన మర్నాటికే నల్లబడింది, సముద్రపు గాలికి వారంలో ఎర్రటి చుక్కలు తేలాయి. ఉద్దానంలో ఉండేవాళ్లకి ఇనాక్స్ తప్ప వేరేది నేను చెప్పను.

దీని పెద్ద లోపం వానాకాలంలో బయటపడుతుంది. చెక్క తేమ తాగి ఉబ్బుతుంది, అలుగు పిడిలో ఇరుక్కుంటుంది. మొదటి శ్రావణంలో గోరు విరిగింది తప్ప చాకు తెరుచుకోలేదు. ఉంగరం వదులు చేసి, పిడి తోక భాగాన్ని గట్టి చెక్క మీద ఠపీమని కొడితే అలుగు కొంచెం బయటికొస్తుంది, అప్పుడు లాగొచ్చు. సావోయ్ వాళ్లూ ఇలాగే చేస్తారట. ఎండాకాలంలోనే పెయింటు షాపులో లిన్సీడ్ ఆయిల్ తెచ్చి పిడికి పట్టించి, బాగా ఆరనిచ్చాక నాకు చాలా తగ్గింది. పూర్తిగా పోలేదు. కొబ్బరినూనె మాత్రం పిడికి పట్టించకండి. అది ఆరదు, దుమ్ముతో కలిసి జిగటైపోతుంది. పనస కోసేముందు అలుగుకి రాయడానికైతే అదే మంచిది, బంక అంటుకోదు. బంక ఉంగరం కిందికి దిగిందా, దాన్ని తిప్పడం గగనం.

సైకిలు మీద సానపట్టడానికి వచ్చే అతనికి ఇవ్వొద్దు. చక్రం వేడికి పల్చటి అలుగు మెత్తబడిపోతుంది. ఇంట్లో సానరాయి తడిపి, అలుగుని కొద్దిగా ఎత్తి పట్టి, రెండు వైపులా సమానంగా పదేసి సార్లు నూరితే చాలు.

మొదట్లో అత్తయ్య "ఏటే కోడలా, ఆడదానికి రొంటిన సాకేటి?" అన్నారు. ఇప్పుడు మామిడికాయ ముక్కలకి "ఆ సాకు ఇలా తే" అంటారు. ఊళ్లో ఒకరిద్దరు ఇది ఆయుధం కాదా అని అడిగారు. ఆయుధాల నిబంధనల్లో చెప్పింది 9 అంగుళాలకి మించి పొడవు, లేదా 2 అంగుళాలకి మించి వెడల్పు ఉన్న కత్తుల గురించి. ఇది మూడున్నర అంగుళాలు కూడా లేదు. అయినా విశాఖలో విమానం ఎక్కేటప్పుడు చేతిసంచిలో ఉంటే తీసేసుకుంటారు. అబ్బాయి దగ్గరికి వెళ్లేటప్పుడు నేను లగేజీలో వేసే పెట్టెలో, చీరల మధ్య పెట్టేస్తాను, ఉంగరం బిగించి.