దాళ్వాకు ఎనిమిది సాళ్ల డ్రమ్ సీడర్: ఏ చేలో పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

గోదావరి డెల్టాలో దాళ్వా (రబీ వరి) రైతుకు అసలు లెక్క కాలువ కట్టేసే రోజు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్లు ఆపేలోగా గింజ గట్టిపడాలి. తుపాన్ల వల్ల సార్వా (ఖరీఫ్ వరి) కోత వెనక్కి జరిగితే, నారు పోసి ఊడ్చేంత (నాటేంత) వ్యవధి ఉండదు. కూలీలూ దొరకరు. అందుకే చాలా ఊళ్లలో మండె (మొలక కట్టిన) విత్తనం చేత్తో వెదజల్లేస్తున్నారు. కానీ అలా జల్లితే ఒకచోట గుంపుగా, ఒకచోట ఖాళీగా మొలుస్తుంది, కలుపు తీయడానికి అడుగు పెట్టే సందుండదు. ఆ సందు ఇచ్చే పనిముట్టు ఈ ప్లాస్టిక్ డ్రమ్ సీడర్.

ఇందులో ఇరుసుకు గుచ్చిన నాలుగు డ్రమ్ములు, రెండు పక్కలా చక్రాలు, లాగడానికి ఒక పిడి ఉంటాయి. ఒక్కో డ్రమ్ముకు రెండు వరసల రంధ్రాలు, అంటే ఒక్కసారి లాగితే ఎనిమిది సాళ్లు. సాలుకీ సాలుకీ మధ్య 20 సెంటీమీటర్లు. ఒక్క మనిషి లాగగలడు. విత్తనం ఎకరాకు 12-15 కిలోలు చాలు, ఊడ్పుకైతే 20-25 కిలోలు పోయాలి. మొక్కను పీకి నాటే దెబ్బ లేదు కాబట్టి, విత్తిన రోజు నుంచి లెక్కేస్తే పంట 7-10 రోజులు ముందే కోతకొస్తుంది. ఎంటీయూ 1010 (కాటన్ దొర సన్నాలు) లాంటి 120 రోజుల రకానికి ఈ వారం పది రోజులు చాలా విలువైనవి. అయితే ఎదిగిన నారు చేతిలో సిద్ధంగా ఉన్నవాళ్లు ఊడ్చుకోవడమే మేలు. వాళ్లకు ఇందులో రోజులు కలిసిరావు.

మెషిన్ కంటే విత్తనమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. 24 గంటలు నానబెట్టి, మరో 24 గంటలు మండె కట్టాలి. డిసెంబరు చలికి ఇంకొన్ని గంటలు పట్టొచ్చు. గింజ ముక్కు పగిలి తెల్లగా కనిపిస్తే చాలు, అక్కడే ఆపాలి. మొలక సాగితే ఒకదానికొకటి పెనవేసుకుని రంధ్రాలకు అడ్డం పడతాయి, విరుగుతాయి కూడా. తర్వాత అరగంట నీడలో ఆరబెట్టాలి. గుప్పిట్లో పట్టి వదిలితే గింజలు అరచేతికి అంటుకోకుండా రాలాలి. అంటుకుంటున్నాయంటే డ్రమ్ములోనూ అంతే.

డ్రమ్మును మూడింట రెండు వంతులే నింపాలి. నిండా పోస్తే గింజ కదలదు. అడుగంటే దాకా లాగినా తప్పే, విత్తనం తగ్గేకొద్దీ ఎక్కువ రాలుతుంది. పావు వంతు మిగిలుండగానే మళ్లీ పోసుకోవాలి. డ్రమ్ము మీది త్రిభుజం గుర్తు ముందుకు చూడాలి. తిరిగి వచ్చేటప్పుడు చక్రం ముందటి చక్రపు జాడలోనే నడవాలి, లేకపోతే సాళ్ల మధ్య దూరం చెడుతుంది. గట్టు దగ్గర ఆగి తిప్పితే కుప్పగా రాలుతుంది కాబట్టి పైకెత్తి తిప్పాలి.

చేను చదును లేకపోతే ఈ పనిముట్టు కొనడం దండగ. పల్లంలో నీళ్లు నిలిచి విత్తనం కుళ్లుతుంది, మెరకలో మొక్క కంటే ముందు ఊద గడ్డి లేస్తుంది. దమ్ము చేసిన (నీళ్లు పెట్టి బురదగా దున్నిన) వెంటనే విత్తకూడదు. డెల్టా నల్లరేగడి బురదలో గింజ లోతుకు దిగబడిపోతుంది, చక్రాలూ కూరుకుపోతాయి. ఒక రోజు తేర్చి, నీళ్లు తీసేసి, బురద పలచగా తడిగా ఉన్నప్పుడు లాగాలి. మురుగు పోవడానికి బోదెలు (చిన్న కాలువలు) తీసి ఉంచాలి. మొదటి మూడు నాలుగు రోజులు నీరు నిలవనివ్వకూడదు, ఆ తర్వాత ఆరుతడులు పెట్టాలి.

కలుపే దీనికి పెద్ద గండం, ఊడ్చిన చేలో లాగా నిలిచిన నీరు దాన్ని అణచదు కదా. విత్తిన 3-5 రోజుల్లో సేఫ్‌నర్ (వరి మొలకను కాపాడే మందు) కలిసిన ప్రిటిలాక్లోర్ అనే కలుపు మందు వేయాలి. సేఫ్‌నర్ లేని డబ్బా తెస్తే మొలకే మాడిపోతుంది, కాబట్టి లేబుల్ చదివి కొనండి. 15-20 రోజులకు మళ్లీ ఊద, తుంగ కనిపిస్తే బిస్‌పైరిబాక్ సోడియం అనే కలుపు మందు ఎకరాకు 100 మిల్లీలీటర్లు కొట్టాలి. సాళ్లున్నాయి కాబట్టి కోనోవీడర్ (సాళ్ల మధ్య తోసే కలుపు పనిముట్టు) కూడా తిప్పొచ్చు, కానీ ఒక్క వైపే. మొక్కల మధ్య మిగిలింది చేత్తో తీయాల్సిందే. మొదటి వారం పిట్టల కాపలా తప్పదు. పక్క కోత చేలల్లో బాతుల మందలు దిగే కాలం గనక, గట్టు వారన వల కడితే నిశ్చింత.

సార్వాకు మాత్రం, ముఖ్యంగా డ్రెయిన్ల పక్క పల్లపు చేలకు దీన్ని సిఫారసు చేయలేం. విత్తిన రెండో రోజు గట్టి వాన పడితే సాళ్లన్నీ చెరిగి విత్తనం ఒక మూలకు కొట్టుకుపోతుంది. మెరక చేనై, కాలువ నీరు వంతు ప్రకారం అందే దాళ్వాకు తీసుకోండి. ఏడాదికి నాలుగు రోజుల పనే కాబట్టి నలుగురైదుగురు కలిసి ఒకటి కొన్నా సరిపోతుంది. పని కాగానే రంధ్రాల్లో బురద ఎండకముందే కడిగి, ఎండ తగలని చోట పెట్టండి, ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది.