వాన పడితే నీళ్లెటు పోతాయి? గోదావరి డెల్టాలో అయిదు రోజులు

వచ్చే ఏడాది నాకు రిటైర్మెంటు. హైదరాబాదులో ముప్పై ఏళ్లు గడిచాయి, ఇక చాలు, మా వైపు ఎక్కడైనా ఓ ఇల్లు చూసుకుందామని ఆగస్టులో నేనూ మావారూ అయిదు రోజులు గోదావరి జిల్లాలు తిరిగొచ్చాం. కాకినాడ, రాజమండ్రి, కోనసీమ, మూడు చోట్లా ఉండి, తిని, బస్సులూ ఆటోలూ ఎక్కి చూశాం. "వానల్లో ఎందుకమ్మా, సంక్రాంతికి వెళ్లొచ్చుగా" అంది మా అమ్మాయి. వానలు కాబట్టే వెళ్లాం. సంక్రాంతికి ఏ ఊరైనా బాగానే ఉంటుంది. 2020 అక్టోబరు వానలకి మా అపార్ట్‌మెంట్ సెల్లారులో కార్లు తేలడం కళ్లారా చూశాక, ఇల్లు చూడ్డానికి ఎక్కడికెళ్లినా నాది ఒకటే ప్రశ్న: వాన పడితే నీళ్లెటు పోతాయి?

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున్నే కాకినాడ టౌన్ స్టేషన్లో దిగాం. భానుగుడి జంక్షన్‌కి దగ్గర్లో ఓ మామూలు లాడ్జిలో దిగాం, రోజుకి 1,800. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు పైకప్పు మీది సోలార్ హీటర్‌వి. టేబుల్ మీద మాత్రం నాలుగు ప్లాస్టిక్ నీళ్ల సీసాలు పెట్టారు. "ఫిల్టరు నీళ్లు జగ్గులో పోసిస్తారా?" అని అడిగితే కౌంటర్‌లో కుర్రాడు "ఆయ్, అలాగేనండి" అని స్టీలు జగ్గు పంపించాడు. ఉన్న రెండు రోజులూ సీసా ముట్టలేదు. అడిగితే చేసేవాళ్లే, అడిగేవాళ్లు లేరంతే.

కాకినాడని ముందుగా ఎంచుకోవడానికి కారణం ఉంది. కేంద్రం 2015 జూన్‌లో స్మార్ట్ సిటీస్ మిషన్ మొదలుపెట్టి, 2016 జనవరిలో మొదటి విడతగా 20 నగరాల పేర్లు ప్రకటించింది. అందులో ఆంధ్రప్రదేశ్ నుంచి విశాఖపట్నం, కాకినాడ ఉన్నాయి. ఒక్కో నగరానికి అయిదేళ్లలో కేంద్రం 500 కోట్ల దాకా ఇవ్వాలి, రాష్ట్రం వాటా కూడా అంతే, ఇదీ అప్పటి లెక్క. మరి పదేళ్ల తర్వాత మనలాంటి వాళ్లకి ఏం కనిపిస్తుంది? కూడళ్లలో కెమెరాలు కనిపిస్తాయి. ట్రాఫిక్‌నీ, కెమెరాలనీ ఒకేచోట కూర్చుని చూసే కమాండ్ కంట్రోల్ సెంటర్ ఉంది. తుఫాను వచ్చినప్పుడు జనానికి ముందుగా చెప్పడానికి ఇలాంటి ఏర్పాటు ఎంత అవసరమో తీరంలో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను పేరెత్తితే మా పిన్నిగారు ఇప్పటికీ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు.

అయితే ఈ ఊళ్లో నాకు ఎక్కువ నచ్చింది ఆ స్క్రీన్లు కాదు, వీధులు. రామారావుపేటలో నిలబడితే తిన్నగా వెళ్లే వీధి, దాన్ని తిన్నగా కోసుకుంటూ అడ్డవీధులు. దారి తప్పడమంటూ ఉండదు. కూరగాయలకీ, మందులకీ, గుడికీ కాలినడకన వెళ్లిరావచ్చు. పెన్షనర్ల స్వర్గం అనే పేరు ఊరికే రాలేదు. పట్టణంలో పొగ తగ్గాలంటే ఎలక్ట్రిక్ బండి కొనమని అందరూ చెబుతున్నారు, మంచిదే. కానీ బండే తియ్యకుండా పని అయ్యేలా వీధి వెయ్యడం అంతకంటే ముందు చెయ్యాల్సిన పని. కంప్యూటర్లు లేని రోజుల్లోనే ఇక్కడ అది జరిగిపోయింది. కొత్తగా వేస్తున్న లేఅవుట్లు చూడండి, పాల ప్యాకెట్‌కి కూడా స్కూటర్ తియ్యాలి.

రెండో రోజు సాయంత్రం గట్టి వాన పట్టుకుంది. నాకు కావలసిందీ అదే. మావారు వద్దంటున్నా గొడుగేసుకుని ఆటో ఎక్కాం. జగన్నాథపురం వంతెన దాటాక ఓ లోతట్టు వీధిలో చీలమండ దాకా నీళ్లు. వాన ఆగి గంట అయినా కదలవు. ఆటో అబ్బాయి నింపాదిగా అన్నాడు: "పోటు మీద ఉందండి సముద్రం. ఉప్పుటేరు నిండుగా ఉంటే కాలవలో నీళ్లు ఎక్కడికి పోతాయండి? పాటు రానివ్వండి, అవే లాగేస్తాయి." పోటంటే సముద్రం నీరు ఎక్కడం, పాటంటే దిగడం. అన్నట్టే భోజనం చేసి ఎనిమిదిన్నరకి మళ్లీ అటు వెళ్తే వీధి బయటపడింది, గోడల మీద తడి గీత మాత్రం మిగిలింది.

డెల్టా పట్టణాల సంగతంతా ఆ ఆటో అబ్బాయి రెండు మాటల్లో ఉంది. నేల బల్లపరుపు, సముద్రం పక్కనే. డ్రైను ఎంత వెడల్పు తవ్వినా, చివర సముద్రం ఒప్పుకుంటేనే నీరు దిగేది. నిజంగా సాంకేతికత పనికొచ్చేది ఇక్కడే. కాలువల్లో నీటిమట్టం చూసే సెన్సర్లు పెట్టవచ్చు. ఏ రోజు ఏ వేళకి పోటో ముందే లెక్క కట్టి ఉంటుంది. వాన సూచన ఉన్న రోజు పాటు సమయానికే కాలువలు ఖాళీ చేసి ఉంచవచ్చు, పోటు నీరు వెనక్కి ఎక్కకుండా మూసుకునే తలుపులు తూముల దగ్గర బిగించవచ్చు, మరీ అయితే మోటార్లతో తోడవచ్చు. కెమెరా చూసి చెప్పేది వీధి మునిగాక. కాలువలో సెన్సర్ మునగకముందే చెబుతుంది. డబ్బు ఉన్నంతలో ముందు దేనికి పెట్టాలంటే, నా ఓటు కాలువకే.

మర్నాడు కోరింగ. కాకినాడ నుంచి బస్సులో వెళ్లి, దిగాక కాస్త లోపలికి వెళ్లాలి. మడ అడవి మధ్యలోంచి చెక్కబాట వేశారు. నడుస్తుంటే కింద బురదలోంచి తెల్ల మడ చెట్ల ఊపిరి వేళ్లు, పెన్సిళ్లు గుచ్చినట్టు వందలూ వేలూ. ఒకచోట మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ప్రతి వేరు చుట్టూ సన్నటి ఒండ్రు పట్టుకుని ఉంది, ఆ ఒండ్రులో వేలెడు చేపలు గెంతుతున్నాయి. నది తెచ్చిన మట్టిని ఈ వేళ్లు ఇలా పట్టుకుంటాయి కాబట్టే తీరం నిలబడుతోంది. పడవ షికారు ఆ పూట లేదన్నారు, పాటు మీద నీరు చాలదట. అదీ సముద్రం టైంటేబుల్ ప్రకారమే. 1839 తుఫాను ఈ కోరింగ రేవుని తుడిచిపెట్టేసింది. ఇవాళ కాకినాడకి అడ్డుగా సముద్రంలో హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ, ఒడ్డున ఈ మడలు. నగరం ప్లాను గీసేటప్పుడు వీటిని ఊరి బయట ఉన్న అడవిగా కాక, ఊరి ప్రహరీ గోడగా చూపించాలని నా గట్టి అభిప్రాయం. టికెట్ కౌంటర్ దగ్గర టాయిలెట్లు వాడేలా ఉన్నాయి, చెత్తబుట్టలు ఉన్నాయి. పెద్దవాళ్లు కూడా హాయిగా నడవగలరు, టోపీ తప్పనిసరి.

రాజమండ్రి గురించి ఎక్కువ రాయను. ఆర్టీసీ లైవ్ ట్రాకింగ్ యాప్‌లో బస్సు ఎక్కడుందో చూసుకుని, ఎండలో నిలబడకుండా సరిగ్గా టైముకి స్టాండ్‌కి వెళ్లాం. ఇంత చిన్న సౌకర్యం సొంత కారు మీద మోజు ఎంత తగ్గిస్తుందో వాడితేనే తెలుస్తుంది. ఊరు పెద్దది, ఆసుపత్రులు, స్టేషను అన్నీ ఉన్నాయి, రద్దీ కూడా అంతే. 2027లో పుష్కరాలు. మాకు ఆ వయసులో అంత జనం మధ్య కష్టం.

ధవళేశ్వరం మాత్రం చూసి తీరాల్సిందే. కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది కొత్త బ్యారేజీ. మేం వెళ్లేసరికి గోదావరి ఎర్రనీరుతో సుడులు తిరుగుతూ ఉంది, మట్టం పది అడుగుల పైచిలుకు. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. పైన భద్రాచలంలో 43 అడుగులు దాటిందంటేనే కింద నది మధ్య లంకల్లో సామాన్లు సర్దుకోవడం మొదలవుతుంది. ఈ అంకెలు లంకల్లో పశువుల కాపరికి కూడా నోటికి వచ్చు. కొలిచిన అంకె, దాన్ని బట్టి ఎవరేం చెయ్యాలో అందరికీ తెలిసి ఉండటం, ఈ రెండూ కలిస్తేనే ఏర్పాటు పనిచేస్తుంది.

దానికి పూర్తిగా విరుద్ధమైన అనుభవం డెల్టాలోనే ఓ చిన్న పట్టణంలో ఎదురైంది, పేరు రాయను. మేం దిగిన వీధిలో డ్రైను నిండి పొంగుతోంది. పక్కింటాయన ఫొటో తీసి ఫిర్యాదుల యాప్‌లో పెట్టారు. మర్నాటికి "సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది, డ్రైను మాత్రం అలాగే ఉంది. చివరికి ఓ పారిశుధ్య కార్మికురాలు పారతో వచ్చి కల్వర్టు నోట్లోంచి కవర్లు, కొబ్బరి డొక్కలు, ఓ పాత దిండు లాగింది. అయిదు నిమిషాల్లో నీరు కదిలింది. ఆవిడ చేతులకి గ్లౌజులు లేవు. యాప్ మీద ఖర్చు పెట్టిన ఊరు ఆవిడకి గ్లౌజులు ఇవ్వలేకపోవడం నాకు చాలా బాధ కలిగించింది.

చివరి మజిలీ కోనసీమలో, గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున ఏటిగట్టుకి దగ్గరగా ఓ పాత మండువా ఇల్లు. హోమ్‌స్టేగా ఇస్తున్నారు, ఇద్దరికీ భోజనంతో సహా రోజుకి 2,500. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, గడ్డ పెరుగు, ఇంకేం కావాలి. పులస చేప అడగలేదు, ఆ ధర విన్నాక "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెత నిజమేననిపించింది. ఇంటి మీద పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టించుకున్నారు, 78,000 సబ్సిడీ వచ్చిందన్నారు. ఫ్యాన్లూ మోటారూ పగలంతా దాని మీదే.

అరుగు పక్క స్తంభానికి రెండు గీతలున్నాయి. నా భుజం ఎత్తున చెక్కిన పాత గీత 1986 ఆగస్టు వరదది. దానికి చాలా కింద, మోకాలి దగ్గర, రంగు ఇంకా వెలవని గీత 2022 జూలైది. ఇంటి పెద్దావిడ గీత మీద వేలు పెట్టి చెప్పారు: "86లో ఎవరూ చెప్పలేదమ్మా. రాత్రి నీళ్లు మంచం పట్టెలు తాకాక లేచాం. 22లో ఫోన్లకి మెసేజీలు, మైకులో చాటింపు. పశువుల్ని ముందు రోజే గట్టెక్కించాం." 22లో ఒక్క దూడ కూడా పోలేదని ఆవిడ రెండుసార్లు చెప్పారు. పోయేముందు ఆ స్తంభం ఫొటో తీసుకున్నాను.

ఉండటానికి కోనసీమంత హాయి ఎక్కడా లేదు. కానీ అర్ధరాత్రి గుండె నొప్పి వస్తే పెద్దాసుపత్రికి చాలా దూరం, మావారికి స్టెంట్ ఉంది. అందుకని మనసు మళ్లీ కాకినాడకే తిరిగింది. పిన్నిగారు చూపించిన ఇంట్లో రెండు గదులు, ముందు వేపచెట్టు, బస్సుకీ మార్కెట్‌కీ నడకే. ఇంటాయన వెంటనే అడ్వాన్సు ఇమ్మన్నారు. "ఈ వీధిలో నీళ్లు నిలుస్తాయాండీ?" అని అడిగితే, "అబ్బే, ఎప్పుడూ లేదమ్మా" అన్నారు. ఎదురింటి గోడకి అడుగు ఎత్తున తడి గీత కనిపిస్తోంది. వచ్చే పౌర్ణమి పోటుకి, వాన ఉంటే మరీ మంచిది, మళ్లీ వచ్చి ఆ వీధిలో నిలబడి చూసుకుని అప్పుడు ఇస్తామని చెప్పి రైలెక్కాం. టికెట్లు తీసేసుకున్నాం కూడా.