గవర్నర్‌పేటలో న్యూక్లియర్ ఆపరేటర్ ట్రైనీ కోచింగ్

మా తమ్ముడిది ఇంటర్ ఎంపీసీ. అణు విద్యుత్ కేంద్రాలు నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్ పెట్టే ట్రైనీ పరీక్ష కోసం విజయవాడ గవర్నర్‌పేటలో ఓ మేడ మీద నడిచే కోచింగ్‌లో చేర్పించాం. ఫిజిక్స్ సార్ బంగారం. ప్రిలిమ్స్‌లో గంటలో 50 ప్రశ్నలు, రైటుకు 3 మార్కులు, తప్పుకు 1 కోత. ఏది వదిలెయ్యాలో ఓపిగ్గా నేర్పిస్తారు, ఎన్నిసార్లు డౌట్ అడిగినా విసుక్కోరు.

కానీ పాంప్లెట్‌లో ‘సెలెక్టయితే లైఫ్ సెటిల్’ అని వేయడం నాకస్సలు నచ్చలేదు. సెలెక్టయ్యాక స్టైపెండ్ మీద 2 ఏళ్ల శిక్షణ ఉంటుంది. ఆ తర్వాత నైట్ షిఫ్టులు. పోస్టింగ్ కర్ణాటకలోని కైగా కావచ్చు, రాజస్థాన్‌లోని రావత్‌భాటా కావచ్చు. మన శ్రీకాకుళం వైపు కొవ్వాడ అణు కేంద్రం ఇంకా కట్టనే లేదు. కంట్రోల్ రూమ్ ఇంజినీర్లయితే సిమ్యులేటర్ మీద సాధన చేసి, అణు భద్రతను చూసే ఏఈఆర్‌బీ నిబంధనల ప్రకారం లైసెన్స్ తెచ్చుకోవాలి. రియాక్టర్ ఆపేశాక కూడా ఇంధనంలో వేడి పుడుతూనే ఉంటుంది, చల్లబరచడం ఆపకూడదు. అలాంటి చోటికి పంపే పిల్లలకు ఒక్క క్లాసులోనైనా ఇదంతా చెప్పొద్దా? మా వాడికి నేనే కూర్చోబెట్టి చెప్పాను.

ఫిజిక్స్, లెక్కల కోసం నిక్షేపంగా చేరొచ్చు. ప్రిలిమ్స్ తర్వాత రాసే అడ్వాన్స్‌డ్ టెస్ట్ మెటీరియల్ మాత్రం పాతది, ఫీజు కట్టేముందే అడిగి చూడండి.