కాగితం పూలకు రోజూ మగ్గెడు నీళ్లా, ఆరాక నిండుగానా, డ్రిప్పా – ఏది మేలు?

ఆకులు గుబురుగా ఉంటాయి, కొమ్మలు బారెడు సాగుతాయి, పువ్వు మాత్రం కనబడదు. మిద్దె మీద కాగితం పూలు పెంచేవాళ్ల దగ్గర ఎక్కువగా వినబడే మాట ఇది. వెంటనే ఎరువు మార్చి చూస్తారు. మొక్కకు రోజూ ఆరు గంటల నేరుటెండ తగులుతుంటే ముందు చూడాల్సింది నీళ్ల సంగతి.

బ్రెజిల్ వైపు నుంచి వచ్చిన మొక్క ఇది. వానలు వెనకబట్టి నేల ఆరాక విరగబూయడం దీని స్వభావం. మనం పువ్వు అనుకునే రంగు రేకులు రూపం మార్చుకున్న ఆకులే, మధ్యలో ఉండే సన్నని గొట్టాలు అసలు పూలు. వేళ్ల దగ్గర ఎప్పుడూ తడి ఆడుతూ, పైగా నత్రజని అందుతూ ఉంటే ఇగురు మీద ఇగురు వేసుకుంటూ పోతుంది. కాస్త బెట్ట తగిలితే ఇగురు ఆగి మొగ్గ తొడుగుతుంది. నల్గొండ వైపు బత్తాయి తోటలకు పూత కోసం కొన్నాళ్లు నీళ్లు ఆపి, తర్వాత తడి ఇచ్చేది కూడా ఇందుకే.

కింది లెక్కలన్నీ 12 అంగుళాల కుండీకి. మట్టి: ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు.

ముందు రోజూ మగ్గెడు పోసే పద్ధతి. అలవాటుకు సులువు, మొక్కకు చేటు. లీటరు నీళ్లతో పైనున్న మూడు నాలుగు అంగుళాల మట్టే తడుస్తుంది. వేళ్లు అక్కడికే ఎగబాకుతాయి, ఎండ ముదిరితే ముందు మాడేవి అవే. ఇంకో నష్టం మెల్లగా బయటపడుతుంది. బోరు నీళ్లు పోసేవాళ్ల కుండీ అంచున తెల్లటి పొరలు కడతాయి, చూశారా? నీరు ఆవిరై ఉప్పు మిగిలిందన్న మాట. కింది రంధ్రం గుండా నీళ్లు ఎప్పుడూ బయటికి పోకపోతే ఆ ఉప్పు మట్టిలోనే పేరుకుంటుంది. నీళ్లలోని సున్నానికి మట్టి క్షారమై ఇనుము అందదు. కొత్త ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉండటం దాని గుర్తు. అప్పుడు యూరియా వేస్తే ఇగురు పెరుగుతుంది తప్ప ఆ పసుపు పోదు.

ఆరాక నిండుగా పోయడమే ఏడాదిలో ఎక్కువ నెలలకు మేలు. వేలు రెండు అంగుళాలు లోపలికి పెట్టి చూడండి, చల్లగా తగిలితే ఆగండి. కుండీ అంచు పట్టుకుని కాస్త ఎత్తి చూడటం ఇంకా నమ్మకమైన పద్ధతి. నాలుగుసార్లు ఎత్తితే తడి కుండీ, ఆరిన కుండీ బరువుల్లో తేడా చేతికే తెలిసిపోతుంది. ఆరిందనుకున్నాక రెండున్నర నుంచి మూడు లీటర్లు, పది నిమిషాల ఎడంతో రెండు విడతలుగా, కింది నుంచి ధారగా కారేదాకా పోయాలి. రేకుల మీద కాదు, మొదట్లో పోయాలి.

పోసిన అర నిమిషానికే నీళ్లన్నీ కిందికి వచ్చేస్తే మట్టి తడిసిందని సంబరపడొద్దు. బాగా ఎండిన మట్టి, అందులోనూ కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువ కలిపినది, కుండీ గోడ వదిలేసి ముడుచుకుంటుంది. నీళ్లు ఆ సందులోంచి జారిపోతాయి. పైమట్టి కాస్త గుల్ల చేసి, కుండీని నీళ్ల టబ్బులో అరగంట కూర్చోబెడితే మళ్లీ పీల్చుకుంటుంది.

డ్రిప్ ఊరికి వెళ్లేవాళ్లకు, ఇరవై ముప్పై కుండీలు ఉన్నవాళ్లకు పనికొస్తుంది. గంటకు రెండు లీటర్ల డ్రిప్పర్లు కుండీకి రెండు, ఎదురెదురుగా పెట్టాలి. ఒకటే పెడితే ఇసుక మట్టిలో నీళ్లు తిన్నగా కిందికి దిగి పక్కలు ఆరిపోతాయి. ముప్పావు గంట వదిలితే మూడు లీటర్లు. చిక్కంతా టైమర్‌తోనే: రోజూ పది నిమిషాలకు పెడితే అది మగ్గెడు పద్ధతే, కాకపోతే మగ్గు మోసే పని తప్పుతుంది. ఉప్పు నీళ్లకు డ్రిప్పర్లు పూడుకుపోతాయి. నెలకోసారి విప్పి నిమ్మరసం కలిపిన నీళ్లలో నానబెట్టాలి. ఒక్కటి పూడుకున్నా, ఆ మొక్క వాడిపోయేదాకా మనకు తెలియదు.

ఇక కాలాల మాట. మార్చి నుంచి జూన్ మొదటిదాకా ‘రోజూ’ అన్నదే నెగ్గుతుంది, అయితే మగ్గెడు కాదు, నిండుగా. స్లాబు మీద కుండీ ఒక్క రోజులోనే ఆరిపోతుంది. రోహిణి కార్తెలో 8 అంగుళాల కుండీకి సాయంత్రం కూడా పోయక తప్పదు. ఉదయం ఎనిమిదిలోపు ముగించండి. ఎండలో పడున్న పైపులోంచి మొదట వచ్చేవి వేడినీళ్లు, అవి పక్కకు వదిలేయాలి. కుండీలు దగ్గరగా చేర్చి పైన రెండు అంగుళాల ఎండుటాకులు పరిస్తే వేళ్లకు సెగ తగ్గుతుంది. మధ్యాహ్నం ఆకులు వాలాయని కంగారు పడి పోయొద్దు. తెల్లవారాక కూడా వాలే ఉంటేనే నీళ్లు చాలనట్టు.

వానాకాలంలో చచ్చేవి ఎక్కువ. కింద ప్లేట్లు తీసేసి, కుండీలు ఇటుకల మీదికి ఎక్కించి, రంధ్రాల్లో పుల్ల పెట్టి చూడాలి. నాలుగైదు రోజులు చినుకు లేకపోతే తప్ప పోయనక్కర్లేదు, డ్రిప్ ఉంటే టైమర్ ఆపేయాలి. మట్టి తడిగా ఉండగానే ఆకులు వాలుతుంటే అది దాహం కాదు, వేరుకుళ్లు. అప్పుడు నీళ్లు పోస్తే ఆ మొక్క ఇక దక్కదు.

పూత తెప్పించేది చలికాలంలోనే. తెలంగాణలో అక్టోబరు చివర మొదలుపెట్టొచ్చు. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరుదాకా ఉంటాయి కాబట్టి జనవరి దాకా ఆగాలి. పొద్దున్నే ఆకులు వాలేదాకా నీళ్లు ఆపి, అప్పుడు ఒక్క లీటరే పోయాలి. మళ్లీ వాలేదాకా ఆగాలి. ఇలా మూడు నాలుగు విడతలు. మగ్గెడు లెక్క సరిపోయేది ఈ కొద్ది వారాలకే. కొమ్మల కొనల్లో మొగ్గలు కనబడగానే మళ్లీ నిండు తడికి మారాలి, నాలుగైదు రోజులకోసారి. పూసి ఉన్నప్పుడు కూడా బెట్ట పెడితే రేకులు రాలిపోతాయి. కుండీ మార్చి రెండు నెలలు కాని మొక్కకు ఇది చేయకూడదు, వేళ్లు ఇంకా కుదురుకోవు.

నేలలో నాటినదానికి ఈ పోటీయే లేదు. మొదటి ఏడాది వానలు లేనప్పుడు వారం పది రోజులకోసారి పాదు నిండా ఒక బకెట్, రెండేళ్లు దాటాక ఎర్రనేలలో ఏప్రిల్, మే నెలల్లో పదిహేను రోజులకోసారి పోస్తే చాలు. నల్లరేగడి తడి పట్టి ఉంచుతుంది కాబట్టి మట్టి ఎత్తు చేసి నాటాలి.

నేల మీదే పెట్టిన కుండీ ఎన్నాళ్లు నీళ్లు ఆపినా వాలకపోతే ఒకసారి పక్కకు జరిపి చూడండి. రంధ్రంలోంచి వేరు కిందికి దిగిపోయి ఉంటుంది. దాన్ని కోసి, వారం రోజులు నీడలో ఉంచాకే బెట్ట పెట్టాలి.