డాబా కారుతోందా? కోటింగా, టార్ షీటా, ఇటుక ముక్కల గచ్చా: ఏది మేలు?

వాన వెలిసిన మర్నాడు డాబా ఎక్కి చూడండి. అంతా ఆరిపోయి ఒక మూల మాత్రం మడుగు మిగిలితే, ఏ డబ్బా కొనాలన్నది తర్వాతి మాట. ముందు వాలు సరిచేయాలి. తూము వైపు మీటరుకు ఒక సెంటీమీటరు వాలుండాలి.

అక్రిలిక్ కోటింగ్ చవక, బరువుండదు. అయితే నిలవ నీటికి మెత్తబడుతుంది, కొన్నేళ్ళకోసారి మళ్ళీ వేయాల్సిందే. ఏడాదికే పొరలు లేచిందంటే చాలాసార్లు తప్పు మందుది కాదు, స్లాబులోని తడిది. రెండడుగుల ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగు అంచులకూ టేపు అంటించి రాత్రంతా ఉంచండి. పొద్దున అడుగున చెమ్మ పట్టి ఉంటే ఇంకా ఆరలేదన్నమాట. బీటల్ని సెంటీమీటరు లోతు చెక్కి, ఎస్‌బీఆర్ లేటెక్స్ (పట్టు పెంచే పాలలాంటి రబ్బరు ద్రావణం) కలిపిన 1:3 సిమెంటు, ఇసుక మాలుతో నింపాలి. పిట్టగోడ మొదట్లో 2 అంగుళాల గోలా (మూలను గుండ్రంగా నింపే మాలు పట్టీ) తీసి, పూతను గోడ మీదికి అడుగు ఎత్తు ఎక్కించాలి. ఎక్కువగా కారేది అక్కడా, తూము చుట్టూనే. ఆ రెండు చోట్లా పూతల మధ్య ఫైబర్ మెష్ తప్పనిసరి. రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం పూస్తే పైపొర ముందే బిగుసుకుని బొబ్బలొస్తాయి. ఎండ తగ్గాక పూయండి.

పీయూ (పాలీయురెథేన్) కోటింగ్ ఖరీదెక్కువ, కానీ బాగా సాగుతుంది. ఏటా ఎండకు సన్నబీటలు తెరుచుకునే స్లాబుకు ఆ ఖర్చు దండగ కాదు.

టార్ షీటు, అంటే వేడిచేసి అంటించే తారు పొర, నిలవ నీటిని బాగా ఆపుతుంది. షీటు మీద షీటు ఎక్కే అతుకు 4 అంగుళాలు ఉండాలి. గ్యాస్ టార్చి మంట పెట్టినప్పుడు అంచున తారు సన్నగా పొంగితేనే అతుకు పట్టినట్టు. వడియాలు పెట్టుకునే, కుర్చీలేసుకునే డాబాకు మాత్రం ఇది వద్దు. ఒక్క చిల్లు పడితే నీరు షీటు కింద పాకి ఎక్కడో దిగుతుంది.

ఇటుక ముక్కల గచ్చు వాలునిస్తుంది, నడవడానికి బాగుంటుంది. బరువే చిక్కు: సగటున 4 అంగుళాల మందానికి చదరపు మీటరుకు రమారమి 200 కిలోలు. పాత గచ్చు మీదే కొత్తది వేద్దామనే మేస్త్రీ మాట వినకండి.

మా ఓటు: వాలు బాగుంటే కోటింగ్, మనుషులు తిరగని కప్పుకు టార్ షీటు, వాలు చెడి స్లాబు దృఢంగా ఉంటే గచ్చు. కింద పెచ్చులూడి చువ్వలు కనిపిస్తుంటే పై పని ఒక్కటే చాలదు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును నెట్టేస్తూనే ఉంటుంది. వదులుగా ఉన్నదంతా కొట్టేసి, చువ్వల్ని వైరు బ్రష్‌తో రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి పాలిమర్ మాలు ఎక్కించాలి. చువ్వ సన్నబడితే ఇంజినీరును పిలవండి.