ఎన్విరాన్‌మెంటల్ సోషల్ సైన్స్‌లో పీహెచ్‌డీ: తిరుపతిలోనా, ఏర్పేడులోనా, బెంగుళూరులోనా, ఫారిన్‌లోనా, ఏది మేలు?

పీజీ ఫైనల్ ఇయర్ పిల్లల్లో ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు నా దగ్గరికి వచ్చి ఇదే అడుగుతా ఉంటారు. "సార్, అడవులు, చెరువులు, బోర్లు వీటి మీద రీసెర్చ్ చెయ్యాలని ఉంది, కానీ చెట్లు లెక్కపెట్టే పని కాదు, వాటిని నమ్ముకోని బతికే మనుషుల గురించి చెయ్యాల, పీహెచ్‌డీ యాడ చేరితే మంచిది?" అని. నేను తిరుపతిలో ఎకనామిక్స్ చెప్తాను, ఈ దారిలో పోయిన మా పిల్లల్ని దగ్గర్నుంచి చూస్తా ఉన్నా, కాబట్టి తెలిసిందంతా ఒకచోట పెడతా ఉన్నా.

ఎన్విరాన్‌మెంటల్ సోషల్ సైన్స్ అంటే ఇదే. ఈ పని మన వైపు ఎంత అవసరమో ముందు చెప్పాల. శేషాచలం కొండల్లో ఎర్రచందనం ఎన్ని చెట్లు ఉండాయో ఫారెస్ట్ వాళ్ళు లెక్క తీస్తారు. కానీ 2015 ఏప్రిల్‌లో అదే కొండల్లో జరిగిన పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయినారు గదా, ప్రాణం పోతాదని తెలిసి కూడా తమిళనాడు కొండ ఊర్ల నుంచి ఎర్రచందనం కొట్టేదానికి కూలోళ్ళు ఎందుకు వస్తారు, వాళ్ళకి అడ్వాన్స్ ఎవరిస్తారు, ఇంటికాడ అప్పు ఎంత ఉంటుంది అనేది చెట్ల లెక్కలో దొరకదు. పలమనేరు, కుప్పం వైపు 1980ల్లో ఏనుగులు దిగినాయి, 1990లో వాటి కోసం కౌండిన్య శాంక్చురీ పెట్టినారు, ఇంతవరకూ రైతుకీ ఏనుగుకీ పంచాయితీ తెగలేదు. పులికాట్‌లో జాలర్లు పాడు అని వంతులేసుకోని వేటకి పోయే పద్ధతి ఉంది, ఎవరు ఏ రోజు ఎక్కడ వల వెయ్యాలో వాళ్ళలో వాళ్ళే తేల్చుకుంటారు. ఇవన్నీ ఒక్కోటి ఒక్కో పీహెచ్‌డీకి సరిపోయే ప్రశ్నలే.

ఇప్పుడు అసలు విషయం. పిల్లలు రెండు ప్రశ్నల్ని కలిపేసి ఆలోచిస్తా ఉండారు. డిగ్రీ మీద ఏ సబ్జెక్ట్ పేరు ఉండాల అనేది ఒకటి, ఫీల్డ్‌వర్క్ ఏ ఊర్లో చెయ్యాల అనేది ఇంకోటి. ఉద్యోగం మొదటిదాన్ని చూసి ఇస్తారు, పనిలో పస మాత్రం రెండోదాన్ని బట్టి వస్తుంది. ఈ రెండూ ఒకే చోట దొరకాల్సిన పని లేదు, విడివిడిగా తేల్చుకుంటే సగం గందరగోళం పోతుంది.

డిగ్రీ పేరు గురించి ఎందుకు ఇంత చెప్తా ఉన్నానంటే, లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్ సబ్జెక్టుల్లో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ ఉంది, సోషియాలజీ ఉంది, ఎకనామిక్స్ ఉంది, ఎన్విరాన్‌మెంటల్ సోషల్ సైన్స్ అని ఒకటి లేదు. కాలేజీలో, యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు పడితే అది ఒక డిపార్ట్‌మెంట్ పోస్టు, ఆ డిపార్ట్‌మెంట్ పేరుతోనే మన కాగితాలు చూస్తారు. అందుకని ఎక్కడ చేరాలనుకున్నా సరే, పీజీ సబ్జెక్టులో నెట్ ముందు కొట్టి పెట్టుకోండి. అదే పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే ఇంకా మంచిది, 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకి 37,000, ఆ తర్వాత 42,000, దాని మీద ఇంటద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ). జేఆర్‌ఎఫ్‌కి వయసు 30 దాటకూడదు, ఆడపిల్లలకీ, ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ వాళ్ళకీ 5 ఏళ్ళ సడలింపు ఉంది. చేతిలో జేఆర్‌ఎఫ్ ఉంటే గైడ్‌ని మనం ఎంచుకోవచ్చు, లేకుంటే ఖాళీ ఉన్న గైడ్ దగ్గర చేరాల్సి వస్తుంది.

ఇంక ఒక్కోటి చూద్దాం. ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి ఉంది, ఆడపిల్లలకి 1983లో వచ్చిన పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది. ఇంట్లో ఉండి చేసుకోవచ్చు, ఖర్చు తక్కువ, డిగ్రీ మీద సోషియాలజీ అనో ఎకనామిక్స్ అనో స్పష్టంగా ఉంటుంది, ఆంధ్రాలో లెక్చరర్ పోస్టులకి ఏ గొడవా రాదు. ఇప్పటికే జూనియర్ కాలేజీలోనో డిగ్రీ కాలేజీలోనో పని చేస్తా ఉండేవాళ్ళకి, ఇల్లు వదల్లేని వాళ్ళకి ఇదే మేలు, మొహమాటం లేకుండా చెప్తా ఉన్నా. కష్టం ఎక్కడంటే రాష్ట్ర యూనివర్సిటీల్లో చాలా ఏళ్ళుగా పోస్టులు నిండలేదు, 2023లో మూడు వేలకి పైగా పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది, కోర్టు కేసుల్లో పడింది. ఉండే కొద్ది మంది ప్రొఫెసర్ల మీద స్కాలర్ల భారం ఎక్కువ, మన టాపిక్ తెలిసినాయన దొరికేది కష్టం. ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్‌లో పోయి పాడు పద్ధతి మీద చేస్తానంటే, అదేందో ముందు గైడ్‌కి మనమే చెప్పుకోవాల. ఫెలోషిప్ లేకుండా చేరి ఐదారేళ్ళు గెస్ట్ క్లాసులు చెప్పుకుంటా థీసిస్ రాసేవాళ్ళని చూసినా, వాళ్ళ పట్టుదలకి దండం పెట్టాల, కానీ ఇంకో దారి ఉంటే అట్లా చేరమని ఎవరికీ చెప్పను.

ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ రెండూ 2015లో మొదలైనవే. ఐసర్ సైన్స్ రీసెర్చ్ సంస్థ, అక్కడ ఎకాలజీ గట్టిగా ఉంది, కానీ మనుషుల గురించి చెయ్యాలనుకునే వాళ్ళకి ఐఐటీలో హ్యుమానిటీస్ అండ్ సోషల్ సైన్సెస్ డిపార్ట్‌మెంట్ సరిపోతుంది. ఇక్కడ స్టైపెండ్ ఉంటుంది, లైబ్రరీ ఉంటుంది, పక్క బిల్డింగ్‌లోనే నీళ్ళ మీద పని చేసే సివిల్ ఇంజనీర్లు ఉంటారు, భూగర్భజలాల టాపిక్ అయితే అది చిన్న లాభం కాదు. సీట్లు మాత్రం చాలా తక్కువ, అప్పుడు ఉన్న ఫ్యాకల్టీలో మన టాపిక్ వాళ్ళు ఉంటే అదృష్టం, లేకుంటే ఐఐటీ పేరు కోసం వేరే టాపిక్‌కి మారిపోవద్దు, ఐదేళ్ళు ఇష్టం లేని దాని మీద కూర్చోలేరు.

బెంగుళూరు అంటే ముఖ్యంగా 1996లో మొదలైన ఏట్రీ అనే పర్యావరణ రీసెర్చ్ సంస్థ లాంటి చోట్లు. అక్కడ పీహెచ్‌డీ కన్జర్వేషన్ సైన్స్, సస్టైనబిలిటీ స్టడీస్‌లో, డిగ్రీ మాత్రం దాంతో ఒప్పందం ఉండే యూనివర్సిటీ నుంచి వస్తుంది. ఒకే బ్యాచ్‌లో పక్షుల మీద చేసేవాళ్ళు, చెరువుల నీళ్ళ మీద చేసేవాళ్ళు, అటవీ హక్కుల చట్టం మీద చేసేవాళ్ళు కలిసి కోర్స్‌వర్క్ చేస్తారు. ఇట్లాంటి ప్రశ్నకి చదువు ఎట్లా ఉండాలో అట్లానే ఉంటుంది, నిజంగా నాకు నచ్చింది ఇదే. తిరుపతి నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతారు, ఫీల్డ్‌కి మన చిత్తూరుకే రావచ్చు.

మా స్టూడెంట్ ఒకమ్మాయి, పలమనేరు దగ్గర ఊరే, బెంగుళూరులో చేరి ఏనుగుల నష్టపరిహారం మీద పని చేసింది. ఒకసారి నేనూ వెంట పోయినా. టమోటా తోట, కట్టిన కట్టెలన్నీ విరిగి పడి ఉండాయి, డ్రిప్ పైపులు మట్టిలోకి తొక్కేసి ఉండాయి. ఆ అమ్మాయి చేతిలో ఉన్న ఫారంలో మొదటి ప్రశ్న ఈ ఏడాది ఎన్ని సార్లు పంట నష్టపోయినారు అని. అది పక్కన పెట్టి గట్టు మీద కూర్చోని తోట రైతుతో "మామా, పాస్‌బుక్ ఎవరి పేరున ఉంది?" అనింది. ఆయన లోపలికి పోయి ప్లాస్టిక్ కవర్‌లో చుట్టిపెట్టిన జెరాక్స్ తెచ్చినాడు, అది భూమి యజమాని పేరున ఉంది, ఈయనది నోటిమాట కౌలు. ఏనుగు తొక్కింది ఈయన పెట్టుబడిని, అర్జీ పెట్టాలంటే మాత్రం పట్నంలో ఉండే యజమాని కాగితాలు కావాల, ఆయన్ని అడిగితే వచ్చే ఏడాది భూమి ఇస్తాడో లేదో అని ఈయనకి భయం, అందుకని అర్జీనే పెట్టలేదు. అంటే ఆఫీసు రికార్డులో ఆ రాత్రి ఆ తోటలోకి ఏనుగు రానే లేదు. రికార్డు తీసుకోని మ్యాప్ గీసే వాళ్ళకి ఈ సంగతి ఎప్పటికీ దొరకదు, ఊరి పిల్లకి పది నిమిషాల్లో దొరికింది, దాన్ని ఎట్లా రాయాల, ఇంకెన్ని ఇళ్ళలో అడిగి చూడాల అనేది బెంగుళూరులో నేర్పించినారు.

కష్టం ఉద్యోగం దగ్గర వస్తుంది. ఎకాలజీ వాళ్ళ ఇంటర్వ్యూకి పోతే "నీ డేటాలో జంతువు ఎక్కడుంది" అంటారు, సోషియాలజీ వాళ్ళ దగ్గరికి పోతే "థియరీ ఏది" అంటారు. పేపర్ల లెక్క కూడా అంతే, సైన్స్ వాళ్ళు ఆరేడుగురు కలిసి ఒక పేపర్ రాస్తారు, ఏడాదికి రెండు మూడు వస్తాయి, మనం ఒక్కరమే రాసి ఒక జర్నల్‌లో ఏడాదిన్నర ఎదురుచూస్తాం, సీవీ పక్కపక్కన పెడితే పలచగా కనిపిస్తుంది. అందుకే పీజీ సబ్జెక్ట్‌లో నెట్ ముందే ఉండాల అనేది. ప్రైవేట్ యూనివర్సిటీల్లో ఈ ఇబ్బంది కొంచెం తక్కువ, అజీమ్ ప్రేమ్‌జీ, అశోకా, మన శ్రీసిటీలోనే ఉండే క్రియా, ఇట్లాంటి చోట్ల ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ చెప్పేదానికి రెండు వైపులా తెలిసినోళ్ళే కావాల.

ఫారిన్ సంగతి. అమెరికాలో అయితే ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇచ్చే చోటికే పోవాల, ఐదారేళ్ళు పడుతుంది. స్వీడన్, నెదర్లాండ్స్ లాంటి చోట్ల పీహెచ్‌డీ అంటే జీతం ఇచ్చే ఉద్యోగం, నాలుగేళ్ళ ప్రాజెక్టుకి యాడ్ వేస్తారు, దానికి అప్లై చెయ్యాల, టాపిక్ సగం వాళ్ళే తేల్చి పెట్టి ఉంటారు. అప్పు చేసి, పొలం తాకట్టు పెట్టి పీహెచ్‌డీకి పోవద్దు, ఈ ఫీల్డ్‌లో ఆ అప్పు తీర్చే జీతాలు తొందరగా రావు. తిరిగి వచ్చేవాళ్ళు ఒకటి గుర్తు పెట్టుకోండి, 2018 యూజీసీ రూల్స్ ప్రకారం క్యూఎస్, టైమ్స్, షాంఘై ర్యాంకింగుల్లో మొదటి 500లో ఉండే యూనివర్సిటీ పీహెచ్‌డీ అయితే నెట్ లేకపోయినా అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి అర్హత ఉంటుంది, కాబట్టి చేరే ముందే ర్యాంకు చూసుకోండి.

బయటోళ్ళు వచ్చి మన ఊర్ల మీద గొప్ప పని చేసినారు, కాదనను. రాబర్ట్ వేడ్ అని న్యూజిలాండ్ ఆయన కర్నూలు జిల్లా కాలువ కింద ఊర్లలో తిరిగి, కాలువ చివర నీళ్ళకి కటకటగా ఉండే ఊర్లే తమలో తాము చందాలేసుకోని నీళ్ళు పంచే నీరుగంటిని పెట్టుకుంటాయి, నీళ్ళు పుష్కలంగా ఉండే ఊర్లు పెట్టుకోవు అని చూపించినాడు. ఉమ్మడి వనరుల మీద పని చేసి 2009లో ఎకనామిక్స్ నోబెల్ తీసుకున్న ఎలినార్ ఆస్ట్రమ్‌కి కూడా ఆయన పని ఉపయోగపడింది, ఆమె పీహెచ్‌డీ పొలిటికల్ సైన్స్‌లో. మన రాయలసీమ కాలువ నీళ్ళ తగువు అంత దూరం పోయింది. మన పిల్లలు ఎందుకు రాయకూడదు అని నాకు బాధగా ఉంటుంది.

ఇంకో దారి, పీహెచ్‌డీకి ముందు ఒకటి రెండేళ్ళు ఎన్జీవోలోనో రీసెర్చ్ ప్రాజెక్టులోనో పని చెయ్యడం. మదనపల్లె వైపు ఉమ్మడి భూముల మీద ఎఫ్‌ఈఎస్ అనే ఎన్జీవో పని చేసింది, అట్లాంటి చోట ఊర్లు తిరిగితే ఏ ప్రశ్న మీద మనకి నిద్ర పట్టదో తెలుస్తుంది. జీతం తక్కువ, ఇంట్లో పెళ్ళి మాటలు మొదలవుతాయి, అయినా నేరుగా పీహెచ్‌డీలో దూకేదానికంటే ఇదే మంచిదని నా అభిప్రాయం.

నన్నడిగితే, 25 లోపు ఉండి ఇల్లు వదలగలిగే వాళ్ళకి నెట్ కొట్టుకోని, ఏడాది ఫీల్డ్‌లో పని చేసి, బెంగుళూరు లాంటి చోట చేరి, ఫీల్డ్‌వర్క్ మన ఊర్లలో పెట్టుకునేదే మేలు, ఫారిన్‌ది పీహెచ్‌డీ అయినాక చేసే రీసెర్చ్‌కి, అదే పోస్ట్‌డాక్‌కి, చూసుకోవచ్చు. ఏర్పేడులో టాపిక్ తెలిసిన గైడ్ దొరికితే బెంగుళూరు కూడా అవసరం లేదు. గైడ్‌కి మెయిల్ పెట్టేటప్పుడు "ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ ఎన్విరాన్‌మెంట్" అని రాయొద్దు, మీ ఊర్లో మీరు చూసిన ఒక తగువు, చెరువుదో బోరుదో మేత బీడుదో, అందులో ఎవరికి ఏం పోతా ఉందో నాలుగు లైన్లు రాయండి, ఆయన పేపర్ ఒకటి చదివి అందులో మీకు ఒప్పుదల కాని చోటు ఒక లైన్ రాయండి. జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి ఇంకోసారి పెట్టండి, వాళ్ళకి మెయిల్స్ ఎక్కువ వస్తాయి, మర్చిపోతారు.